తగిలిందాండీ?

టీవీలో మ్యాచ్ వస్తుంటే కోట్లు వేసుకున్న పెద్దమనుషులు కూర్చుని, ఫాస్ట్ బౌలర్‌ని చూస్తే ఎందుకు భయమేస్తుందో విడమరిచి చెబుతుంటారు. వేగమట. ఎత్తట. బౌన్సరట. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కోసేసిన వరి చేలో, నోళ్ళు తెరుచుకున్న నల్లమట్టి మీద, కార్కు బంతికి ఎదురుగా ఒక్క కాలికే ప్యాడ్ కట్టుకుని నిలబడి ఉంటే అప్పుడు తెలిసేది వాళ్ళకి. నేను చూసిన బౌలర్లలో అందరికంటే భయంకరమైనవాడు బక్కపలచటి మనిషి. నా భుజానికి వచ్చేవాడు. మీసం కూడా సరిగ్గా లేదు. ఎవర్నీ ఒక్క మాట తూలి ఎరగడు. బ్యాట్స్‌మెన్ ఎవరైనా సరే, ‘అండి’ అనే పిలిచేవాడు.

వాడి సంగతి చెప్పాలంటే ముందు మా డ్రిల్లు మాస్టారి సంగతి చెప్పాలి. హైస్కూల్లో మాకు క్రికెట్ నేర్పింది ఆయనే. బంతి మీదికొచ్చినప్పుడు కాలు పక్కకి తియ్యడమంటే ఆయన దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు. ఆ అలవాటు మాన్పించడానికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టారు. క్రీజు పక్కన చిన్న గుంజ పాతించి, మా వెనక కాలిని కొబ్బరి తాడుతో దానికి కట్టించేవారు, దూడని కట్టినట్టు. ఆ తర్వాత పెద్ద క్లాసు కుర్రాళ్ళ చేత బంతులు వేయించేవారు. తప్పుకోబోయి కిందపడితే బెత్తం సిద్ధంగా ఉండేది. నా చీలమండ దగ్గర తాడు ఒరుసుకుని పుండు పడింది. మా నాన్నగారు అది చూసి, ‘బాగా దారిలో పెడుతున్నారు మాస్టారు’ అన్నారు. ఇంక ఎవరితో చెప్పుకుంటాం?

ఈ బౌలరు అప్పట్లో నా క్లాసే. బంతి చూస్తే చాలు వాడికి పై ప్రాణాలు పైనే పోయేవి. అందుకని మా అందరికంటే ఎక్కువగా వాణ్ణే కట్టేవారు. ఒక సాయంత్రం బంతి గులకరాయి మీద పడి ఎగిరి, వాడి నోటికి తగిలింది. పై పన్ను సగానికి విరిగి, చొక్కా ముందంతా రక్తమయింది. మాస్టారు దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని చూశారు.

“మొహం తిప్పావు కాబట్టి తగిలింది. తిప్పకపోతే బ్యాటుకి తగిలేది” అన్నారు.

తాడు విప్పలేదు. ఇంకో రెండు బంతులు వేయించారు. మా వైపు తిరిగి నవ్వారు, మేమూ నవ్వాం. ఆయన నవ్వినప్పుడు నవ్వకపోతే ఏమవుతుందో మాకు తెలుసు.

ఆ తర్వాత వాడు బడికి రాలేదు. కడియంలో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయాడని, నర్సరీల్లో మట్టి సంచులతో సహా మొక్కల్ని లారీలకి ఎత్తుతున్నాడని విన్నాం. కొన్నాళ్ళకి మర్చిపోయాం కూడా.

తొంభైల చివర్లో నేను డిగ్రీ చదువుతుండగా, వేసవిలో రెండో పంట కోతలయ్యాక చుట్టుపక్కల ఊళ్ళ టీముల మధ్య పోటీలు పెట్టారు. మా టీముకి మాస్టారే కెప్టెన్, మాస్టారే ఓపెనర్. నలభై అయిదు దాటినా ఆ చోటు ఇంకొకళ్ళకి వదిలేవారు కాదు. రెండో ఓపెనర్ని నేను. ఆయన పెద్దగా పరుగులు చేసేది లేదు. అయినా మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర్నుంచి పంచాయతీ ఆఫీసు దాకా అందరూ అనేది ఒకటే మాట: మాస్టారు ఎలాంటి బంతి వచ్చినా కాలు తియ్యరు. ఆయన పరువంతా ఆ ఒక్క కాలి మీదే నిలబడి ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఫైనల్లో మా మీదికి వచ్చిన టీము కడియం నుంచి ఒక బౌలర్ని తెచ్చుకుంది. ముందురోజు వాళ్ళ ఆట చూడ్డానికి వెళ్ళి, విరిగిన పన్ను చూసి వాణ్ణి గుర్తుపట్టాను. వాడి బంతి ఒకతని వేలికి తగిలింది. అందరికంటే ముందు వాడే పరిగెత్తుకుంటూ వెళ్ళాడు.

“తగిలిందాండీ? అయ్యయ్యో. మంచినీళ్ళు తాగండి” అంటూ చెంబు తెప్పించి, అతను తాగేదాకా పక్కనే నిలబడ్డాడు. చెంబు తీసుకుంటూ, “ఆడతారాండీ? ఆడితే మళ్ళీ అక్కడే వేస్తానండి. కాస్త చూసుకోండి” అన్నాడు.

చెప్పినట్టే వేశాడు. అతను బ్యాటు అక్కడే పడేసి, చెయ్యి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. కోపంతో వేసేవాడి కోపం నాలుగు ఓవర్లకి చల్లారుతుంది, ఓపిక పడితే సరిపోతుంది. వీడికి అసలు కోపమే లేదు. వచ్చిన చుట్టానికి వడ్డించినంత మర్యాదగా దెబ్బ కొట్టేవాడు. ఆ మర్యాద చూసే నా గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి.

ఫైనల్ కాలవ పక్క చేలో పెట్టారు. ఆ వైపు చోటు చాలక, వాడు కాలవ గట్టు మీంచి పరుగు మొదలుపెట్టేవాడు. గట్టు దిగుతూ వస్తుంటే వాడి అడుగుల చప్పుడు నేలలోంచి మన అరికాళ్ళకి తెలిసేది. మొదటి బంతి నాకే పడింది. అది నా బ్యాటు అంచుకి తగిలి వెనక్కి పోతే, ఒక్క పరుగు తీసి బతికిపోయాను. అవతలికి చేరగానే, “బాగున్నారాండీ? నాన్నగారు బాగున్నారా?” అని వాడు నన్ను ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

మాస్టారు ఆడటానికి నిలబడ్డారు. వాడు బంతి పట్టుకునే రెండు చేతులూ జోడించాడు.

“నమస్కారం మాస్టారూ. గుర్తున్నానాండీ?”

“బంతి వెయ్యరా” అన్నారు మాస్టారు.

“ఆయ్, అలాగేనండి.”

మొదటిది ఆయన చెవి పక్కనుంచి పోయింది. రెండోది డొక్కలో తగిలింది. మాస్టారు ముందుకి వంగిపోయి, బ్యాటు ఆనించుకుని నిలబడ్డారు.

“తగిలిందాండీ మాస్టారూ?”

“లేదు.”

“లేదాండీ? అయితే సరిగ్గా పడలేదండి.”

మూడోది ప్యాడ్ లేని తొడ మీద పడింది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. ఉన్నమాట చెప్పాలి కదా, అప్పటిదాకా ఆయన కాలు కదల్లేదు. గట్టు మీద మా ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన మొహం మాత్రం పాలిపోయింది. వాడు ఈసారి పిచ్ సగం దాకా నడిచివెళ్ళి, మెల్లగా చెప్పాడు. నాకు స్పష్టంగా వినిపించింది.

“ఈసారి నోటికి వేస్తానండి మాస్టారూ. మొహం తిప్పకండి.”

ఆయన వాడి నోటి వైపు చూశారు. వాడెవరో అప్పుడు గుర్తొచ్చిందనుకుంటాను. వాడు వెనక్కి వచ్చి, గట్టెక్కి, అక్కడ తీరిగ్గా చొక్కా చేతులు మడతపెట్టుకున్నాడు. బంతి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. మాస్టారు నాలుకతో పెదాలు తడుపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

వాడు గట్టు దిగి, ఇదివరకటి కంటే జోరుగా పరిగెత్తుకొచ్చి చెయ్యెత్తాడు. బంతి ఇంకా వాడి చేతిలో ఉండగానే మాస్టారి కాలు కదిలింది. ఒక కాలు కాదు, రెండూ. మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, వికెట్లు మూడూ వదిలేసి, ఆయన లెగ్ అంపైరు వైపు జరిగిపోయారు. అప్పుడు వాడు బంతి వదిలాడు. పసిపిల్లలకి వేసినట్టు వేశాడు. అది పడి, మళ్ళీ పడి, దొర్లుకుంటూ వెళ్ళి మధ్య వికెట్‌ని తాకింది. ఒక్క బెయిల్ కిందపడింది.

ముందు ఎవరూ నవ్వలేదు. మాస్టారు మోచెయ్యి దించి, బంతి ఎక్కడుందా అని వెతుక్కోవడం చూశాక గట్టంతా విరగబడి నవ్వింది. మా ఊరివాళ్ళూ నవ్వారు. వాడు నవ్వలేదు. వెళ్ళి అందరూ చూస్తుండగా వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

“మీకు తగలకూడదనే మెల్లగా వేశానండి” అన్నాడు.

కాళ్ళకి దణ్ణం పెట్టిన శిష్యుణ్ణి ఏం చేస్తారు? అంతమంది ముందు ఆయన వాడి తల మీద చెయ్యి పెట్టాల్సొచ్చింది. నాకు జాలి కలిగిందంటే అబద్ధం. కడుపు చల్లబడింది.

తిరిగి వస్తూ మాస్టారు నా దగ్గర ఆగారు. ఎప్పుడూ లేనిది, బతిమాలుతున్నట్టు అడిగారు.

“నేను కాలు తియ్యలేదు కదరా? బంతే స్లోగా వచ్చింది. నువ్వు ఇక్కణ్ణుంచి చూశావు కదా.”

ఊళ్ళో నా మాట నమ్మేవాళ్ళు. ‘తియ్యలేదండి’ అంటే సరిపోయేది.

“తీశారండి మాస్టారూ” అన్నాను, ఎంతో మర్యాదగా.

ఆయన తలూపి గట్టు వైపు నడిచారు. అక్కడ వరసగా కూర్చున్నది మా హైస్కూలు పిల్లలే. ఆయన దగ్గరికొచ్చినా ఒక్కడూ లేచి నిలబడలేదు. కూర్చున్నచోటే మోకాళ్ళు కాస్త పక్కకి తిప్పారు. మాస్టారు బ్యాటు చంకలో పెట్టుకుని, వాళ్ళ కాళ్ళు తొక్కకుండా చూసుకుంటూ, ఆ సందులోంచి గట్టెక్కారు.