ఒక్క మూత జిన్ను

వైశాఖంలో ఒక పొద్దున పాలాయన వచ్చి నా తలుపు కొట్టాడు. "అవ్వా, నర్సమ్మ ఎంత పిలిచినా పలుకుతలేదు" అన్నాడు. నేను వెళ్లేసరికి ఆమె మంచం మీద కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు. వనపర్తిలో పదేళ్లుగా మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఇప్పుడు ఆ గోడ అవతల మొక్కలకు నీళ్లు పట్టే చప్పుడు లేదు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. వినేవాళ్లు సరిగ్గా వినండి, ఎందుకంటే మా వాడలో ఈ మాట తప్పుగా తిరుగుతోంది. నర్సమ్మ పుదీనా మడి చుట్టూ పది ఖాళీ సీసాలు తలకిందులుగా పాతి ఉంటాయి. శవం ఇంకా ఇంట్లో ఉండగానే వాటిని చూసి, "తాగి తాగి పోయింది" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

ఆమెది వీపనగండ్ల, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. మిలిటరీ ఆస్పత్రుల్లో నర్సుగా పనిచేసి, రిటైరై మా పక్కన చిన్న ఇల్లు కట్టుకుంది. ఇల్లు చిన్నదే గాని పెరడు పెద్దది. నిమ్మచెట్టు, కీరదోస పాదు, పుదీనా మడి, అన్నీ ఆమె చేత్తో పెట్టినవే.

వచ్చిన మొదటి ఎండాకాలం ఒకనాడు సంచితో ఆటో దిగింది. "ఏం తెచ్చినవే?" అని గోడ మీంచి అడిగాను. "మిలిటరీ క్యాంటీన్ల జిన్ను ఇచ్చిన్రక్కా" అంది. నాకు జున్ను అని వినిపించింది. మిలిటరీ వాళ్ల బర్రె ఈనిందేమో, అందరికీ పంచుతున్నారేమో అనుకున్నాను. గిన్నె తీసుకుని, అందులో ఇంత బెల్లం ముక్క వేసుకుని పోయి ఆమె గడపలో కూర్చున్నాను.

"జర నాకు గూడ పెట్టే, బెల్లం నేనే తెచ్చిన."

ఆమె నా గిన్నెను చూసింది, సీసాను చూసింది. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు పెట్టుకుంది. "అక్కా, ఇది గిన్నెల వేసుకునేది గాదు. మందు."

మందు అన్న మాట వినగానే నా ఒళ్లు మండింది. నా పెనిమిటిని సారా తిన్నది. సీసా లాక్కుని, మూత తిప్పి, మొత్తం పుదీనా మడిలో పారబోశాను. చేసిన తర్వాత భయం వేసింది, పరాయి మనిషి సొత్తు కదా. ఆమె మాత్రం ఖాళీ సీసా కడిగి, మడి అంచున తలకిందులుగా పాతింది. "సరే తియ్యి, ఈ యేడు పుదీనా తాగింది. రేపు నీ చట్నీ తిన్నోళ్లు తూలుతరు, నాకు తెల్వదు" అంది. ఆ మడి చుట్టూ పాతిన సీసాల్లో మొదటిది అదే.

ఆ వానాకాలమే నా కాలివేలికి పుండు పడింది. నాకు షుగర్ ఉంది. వేలు తీసెయ్యాలన్నారు. నర్సమ్మ రోజూ పొద్దున గోడ దాటి వచ్చి పుండు కడిగి కట్టు కట్టింది. దసరా నుంచి శివరాత్రి దాకా ఒక్క రోజు తప్పలేదు. నేను నొప్పికి తిడితే, "తిట్టు, గట్టిగ తిట్టు. తిట్టేటోళ్లు బతుకుతరు" అనేది. ఇప్పటికీ నాకు పది వేళ్లున్నాయి. పొద్దున కాళ్లు కడుక్కున్నప్పుడల్లా ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ తర్వాతే ఆమె సీసా మీద నా కోపం దిగింది. దిగాక ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. సాయంత్రం మొక్కలకు నీళ్లు పట్టాక పెరట్లో రెండు గ్లాసులు పెట్టేది. కీరకాయ కొన కోసి, ఆ కోసిన ముక్కతోనే నురగ వచ్చేదాకా రుద్ది చేదు తీసేది. పలచగా చక్రాలు తరిగేది. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర, నానిన సబ్జా గింజలు, ఐసు. పైన సోడా. తన గ్లాసులో ఒకే ఒక్క మూత జిన్ను. నా దాంట్లో అన్నీ ఉండేవి, జిన్నూ చక్కెరా తప్ప. పొరపాటున మారకుండా తన గ్లాసులో ఒక నిమ్మాకు గుచ్చుకునేది.

ఒకసారి పుదీనా నేను చేస్తానని రోట్లో వేసి దంచాను. "చట్నీ జేసినవ్ గదనే! దంచితే పసరు దిగి చేదైతది. అరచేతుల పెట్టుకొని చప్పట్లు కొట్టు, వాసన లేస్తది" అంది. చప్పట్లు కొట్టి, ముందు తన రెండు అరచేతులూ ముఖానికి ఆనించుకుని చాలాసేపు వాసన చూసుకునేది. గ్లాసు ముట్టేది ఆ తర్వాతే.

"ఒక మూత మందు, రెండు మూతలు మాటలు, మూడో మూతకు మనిషే మూట" అనేది. ఉగాదికి సీసా విప్పితే మిరుగు కార్తె దాకా అదే. మొదటి వాన పడగానే ఖాళీ సీసాను మడిలో పాతేది. అంతే, మళ్లీ ఉగాది దాకా మంచినీళ్లు.

ఆమెను వీపనగండ్లలో వాళ్లన్న చేనులో పూడ్చి, మూడో రోజు అక్కడే పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి సమాధి దగ్గర పెట్టి, పిట్ట ముట్టేదాకా చూస్తాం కదా. నేను వనపర్తి నుంచి ఫ్లాస్కులో ఐసు, సంచిలో ఆమె పెరటి నిమ్మకాయ, కీర, పుదీనా, ఆమె గ్లాసు, ఈ యేటి సగం సీసా పట్టుకుపోయాను. సీసా చూడగానే వాళ్లన్న అడ్డం వచ్చాడు.

"ఆడమనిషికి సీస పెడ్తరా అక్కా? ఊరంత సూస్తున్నది. మా ఇజ్జత్ ఏం గావాలె?"

"మీ అమ్మ పోయినప్పుడు ఏం పెట్టినవ్ తమ్మి?"

"కల్లు పెట్టినం. గది వేరే."

"ఏం వేరే? ఈతచెట్టుకెళ్లి దిగితే పిట్ట ముడ్తది, సీసలకెళ్లి దిగితే ముట్టదా?"

"పది సీసలున్నయ్ గా ఇంట్ల. నేనేమన్న గుడ్డోన్నా?"

"ఒకటి నేను పారబోసిన. ఇగో, ఈ చేతులతోనే. ఆ తర్వాత ఎండాకాలానికి ఒక్కటి చొప్పున తొమ్మిదేండ్లకు తొమ్మిది. నీ ఇంట్ల ఒక్క పండుగకు దిగే కుండలు జెప్పమంటవా?"

వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తల దించుకున్నాడు. మెల్లగా, "అసలు ఎందుకు తాగేదక్కా? నాకెన్నడు జెప్పలే" అన్నాడు.

"నువ్వెన్నడన్న అడిగినవా?" అన్నాను. అడిగాడు కాబట్టి చెప్పాను. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ చేతుల నుంచి నెత్తురు వాసన, మందుల వాసన ఎంత కడిగినా పోయేది కాదట. క్వార్టర్ల వెనక పుదీనా ఉంటే, డ్యూటీ దిగగానే నర్సులందరూ ఆకులు అరచేతుల్లో కొట్టుకునేవారట. అప్పుడు ఆ ఒక్క గ్లాసు. అప్పటికిగాని అన్నం చెయ్యి నోటిదాకా పోయేది కాదట.

ఆయన పక్కకు జరిగాడు. నేను కీర కొన రుద్దాను, నిమ్మకాయ పిండాను, సమాధి ముందు నిలబడి చప్పట్లు కొట్టాను. ఊరంతా చూస్తే చూడనీ. మూత నిండా కొలిచి పోశాను, అంచు దాటనివ్వలేదు. గ్లాసును అన్నం ముద్ద పక్కన పెట్టి అందరం దూరం జరిగాం.

వీపనగండ్ల ఎండ మీకు తెలిసిందే. పిట్ట జాడ లేదు. చూస్తుండగానే ఐసు కరిగి చిన్నబోతోంది. అప్పుడు వాళ్లన్న లేచి, గొడుగు విప్పుకుని గ్లాసు దగ్గరికి నడిచాడు. "నువ్వు గాడుంటే పిట్ట ఎట్లొస్తది?" అని ఎవరో కేకేశారు. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, చెయ్యి ఎంత సాగుతుందో అంత చాపి, గొడుగును గ్లాసు మీద పట్టాడు. తాను ఎండలో నిలబడి, ముఖం అటువైపు తిప్పుకున్నాడు.