చావుకబురు చెప్పిన ఇష్రత్

"కొడుకుని అంబులెన్సు ఎక్కించింది, తల్లిని నాలుకతో చంపింది."

సియాకొలా ఊళ్ళో ఇష్రత్ గురించి ఇప్పటికీ చెప్పుకునే మాట ఇది. రొట్టెల కొట్టు ముందు వరుసలో నిలబడ్డవాళ్ళు అంటారు. రష్త్ పట్నం వెళ్ళే మినీబస్సులో వెనక సీటు ఆడవాళ్ళు అంటారు. చెప్పిన ప్రతివాళ్ళూ తలా ఒక చిటికెడు కలుపుతారు. ముసలమ్మ అక్కడికక్కడే కూలిపోయిందని ఒకరంటే, ఇష్రత్ గుమ్మంలో నిలబడే చెప్పేసిందని, లోపలికి కూడా వెళ్ళలేదని ఇంకొకరంటారు. ఇష్రత్ వస్తోందంటే మాట మారుస్తారు. ఆమెకు మాత్రం వినబడకుండా పోలేదు.

ఇష్రత్ ఆ ఊరి పిల్లే. పద్దెనిమిదేళ్ళప్పుడు ప్రభుత్వం వాళ్ళు ఎంపిక చేసి, పట్నంలో చదువు చెప్పించి, ఊరి ఆరోగ్యశాలలో కూర్చోబెట్టారు. అప్పటినుంచి పురుడు పోసుకున్నవాళ్ళను, పాలు తాగని పిల్లలను, గుండె మాత్రలు మింగడం మరిచే ముసలివాళ్ళను చూసుకోవడమే ఆమె బతుకు. పిల్లలకు టీకాలు వేసిన కొత్తలో ఫరామర్జ్ అనే కుర్రాడు ఆమె చెయ్యి కొరికాడు. ఆ ఫరామర్జే పెరిగి పెద్దవాడై మినీబస్సు డ్రైవరయ్యాడు. అందరి దగ్గరా టిక్కెట్టు డబ్బులు తీసుకుని ఇష్రత్ దగ్గర మాత్రం తీసుకునేవాడు కాదు. "కొరికినందుకు పరిహారం, ఖానుమ్" అని గౌరవంగా అనేవాడు.

కరోనా వచ్చాక ఊరి తీరు మారిపోయింది. గడపలోకి రానిచ్చిన ఇళ్ళే ఆమెకు గోడ మీద చాయ్ గ్లాసు పెట్టడం మొదలుపెట్టాయి. "గ్లాసు నువ్వే తీసుకుపో, మాకొద్దు" అనేవారు. "ఇష్రత్ ఖానుమ్, ఇవాళ సంచీలో ఎన్ని కిలోలు తెచ్చావు జబ్బు?" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. "నీకు కావలసినంత తూచి ఇస్తా, ముందు ఆ మాస్కు ముక్కు మీదికి లాక్కో" అనేది.

ఫరామర్జ్‌కు ఊపిరి ఆడని రోజున అంబులెన్సును పిలిచింది ఇష్రతే. బండి ఎక్కుతూ అతను తల్లి వైపు చూసి చెయ్యి ఊపాడు. భార్య మర్జియే వెనకాలే పరుగెత్తింది, కాని ఎవరినీ ఎక్కనివ్వలేదు. నాట్ల రోజులు మొదలవుతుండగా ఆసుపత్రిలో పోయాడు. తెల్ల తొడుగులు వేసుకున్న మనుషులు పట్నం శ్మశానంలోనే సున్నం చల్లి పూడ్చారు. ఊరినుంచి ఎవరూ వెళ్ళలేదు.

తల్లి కౌకబ్‌కు ఆ సంగతి చెప్పలేదు.

ఆ ఊళ్ళో చావుకబురు ఎవరు పడితే వాళ్ళు చెప్పరు. చుట్టాలందరూ ఇంటికి చేరాలి. ముందు ఏదైనా తినిపించాలి. 'ఒంట్లో కాస్త బాగాలేదట' అని ఒకరు, 'కాస్త ఎక్కువైందట' అని ఇంకొకరు, అలా మెట్టు మెట్టుగా దించుకుంటూ రావాలి. ఆఖరికి ఆ మనిషే "పోయాడా?" అని అడుగుతుంది. అప్పుడు పట్టుకోవడానికి చుట్టూ పది చేతులుంటాయి. ఆ ఏడాది ఒక ఇంట్లో పది చేతులు చేరే వీలు లేకపోయింది. కబురు గడప బయటే ఉండిపోయింది.

టెహ్రాన్‌లో ఉండే పెద్దకొడుకు బహ్రామ్ ఫోన్లోనే తీర్పు చెప్పాడు. "నాట్లు కానివ్వండి. ఈ రోగం సద్దుమణగనివ్వండి. మేమందరం వచ్చి పద్ధతిగా చెబుతాం. అమ్మది అసలే వాచిపోయిన గుండె. ఈలోగా ఆమె చెవిన పడితే మర్జియేదే పూచీ."

దాంతో మర్జియే నల్లబట్ట కట్టలేదు. ఎర్రపూల తలగుడ్డతోనే అత్తగారి ముందు తిరిగింది. సాయంత్రం కాగానే ఫోను చెవి దగ్గర పెట్టుకుని వసారాలో అటూ ఇటూ నడిచి, లోపలికొచ్చి చెప్పేది.

"సలాం చెప్పాడత్తా. ముక్కుకి గొట్టం పెట్టారుగా, మాట్లాడలేడట."

"నా సలాం కూడా చెప్పు తల్లీ" అనేది కౌకబ్.

ఇష్రత్ మాస్కులు పంచడానికి పొలాల గట్ల మీద వెళ్ళినప్పుడు ఒకటి గమనించింది. నాట్లు వేసే ఆడవాళ్ళు ఎడంగా నిలబడి వంగి పాడుతున్నారు. మధ్యలో మర్జియే వంగినది వంగినట్టే ఉండిపోయింది. వీపు కదులుతోంది. పక్కనున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని పాట గొంతు పెంచారు. ఏడుపు గట్టు దాటి వినబడకూడదని. ఆ అమ్మాయికి వాళ్ళు చేయగలిగిన సాయం అదొక్కటే.

కొన్నాళ్ళకు మర్జియే ఆరోగ్యశాల కిటికీ దగ్గరకు వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, ఒకసారి వేసుకుంటే ఇక లేవకుండా నిద్రపట్టే మందేదైనా ఉంటుందా?"

"ఎవరికి?"

"ఊరికే అడిగా."

"ఊరికే అడిగే మాటేనా అది? లోపలికి రా."

"వద్దక్కా, బట్టలు బురద." నవ్వబోయింది. "నేనేమైనా నవాబు కూతుర్నా, ఒక రోజు నిద్ర లేకపోతే చచ్చిపోతానా?"

"నన్ను నవ్వించకు. చచ్చిపోవాలనిపిస్తోందా, చెప్పు."

ఈ ప్రశ్న సూటిగా అడగాలని చదువుకున్నప్పుడు నేర్పారు. అడగడం మాత్రం ఏనాడూ తేలిక కాలేదు. మర్జియే కిటికీ చువ్వలు పట్టుకుంది.

"రోజూ సాయంత్రం ఆయన్ని బతికిస్తున్నానక్కా. రాత్రికి మళ్ళీ చస్తాడు. ఇంక నా వల్ల కాదు."

ఇష్రత్ ఆమెను ఇంటిదాకా దిగబెట్టింది. అత్తగారి మందుల డబ్బా అంతా ఆరోగ్యశాలకు తెచ్చేసి, ఏ రోజు మాత్రలు ఆ రోజు తానే తెచ్చిస్తానని చెప్పింది. పట్నం కేంద్రంలో మనసు బాగాలేనివాళ్ళతో మాట్లాడే దిల్‌ఆరాకు ఫోన్ చేసింది.

"నేను రోజూ మాట్లాడతాను. డాక్టరుగారికీ చూపిద్దాం" అంది దిల్‌ఆరా. "పిల్లను ఒంటరిగా వదలకండి. కాని ఖానుమ్, ఏడవనివ్వని ఇంట్లో నా ఫోను ఎంతవరకు పనిచేస్తుంది?"

తల్లికి ఇక చెప్పేద్దామని బహ్రామ్‌కు ఫోన్ చేస్తే అరిచాడు. "నీ పని టీకాలు వెయ్యడం. మా ఇంటి చావు సంగతి నీకెందుకు?"

మరునాడు ఇష్రత్ బీపీ మిషను తీసుకుని బయల్దేరింది. చెప్పకపోతే కోడలు దక్కదు. చెబితే అత్తగారి గుండె ఆగినా ఆగుతుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా తనలో తాను అనుకుంటూ నడిచింది. మర్జియే నాట్లవాళ్ళతో కలిసి నారు తేవడానికి వెళ్ళింది. కౌకబ్ వసారాలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"ఆ మిషను పక్కన పెట్టు. చెప్పడానికొచ్చావా?" అంది తల ఎత్తకుండానే.

ఇష్రత్ మిషను చేతిలోనే పట్టుకుని ఆగింది.

"పక్క మడి కరమ్ అలీ నాతో పోట్లాడటం మానేశాడు" అంది కౌకబ్. "నేను కాపురానికొచ్చిన ఏటినుంచీ నీటి వంతు కోసం నా ఏడు తరాలనూ తిట్టిన మనిషి. ఈసారి తన మడి ఎండబెట్టుకుని నా మడికి ముందు నీళ్ళు వదిలాడు. తల వంచుకుని పోయాడు. చావింటితో తప్ప ఎవరితోనైనా అట్లా ఉంటాడా వాడు? ఆ రోజే తెలిసింది, నా కొడుకు లేడని."

"మరి ఎందుకు ఊరుకున్నావు పెద్దమ్మా?"

"ఆ పిల్ల ఎర్రగుడ్డ కట్టుకుని సలాం తెస్తుంటే ఏమనను? ఆ అబద్ధం పట్టుకునే నిలబడి ఉందనుకున్నా. నేను ఏడిస్తే కూలిపోతుందేమోనని భయపడ్డా."

"నిలబడి లేదు పెద్దమ్మా. లేవకుండా నిద్రపట్టే మందు అడిగింది నన్ను."

కౌకబ్ చేతిలోంచి గింజలు కింద పడ్డాయి. ఏరలేదు. వాకిలి వైపు చూస్తూ కూర్చుంది.

"నాకు ముందే తెలుసని దానికి చెప్పకు" అంది. "ఇన్ని సాయంత్రాలు తాను నా కళ్ళముందు ఊరికే నరకం పడ్డానని తెలిస్తే కాలిపోతుంది. నువ్వు చెప్పావనే అనుకోనీ. ఆ నింద మోస్తావా బిడ్డా?"

"మోస్తాను."

మర్జియే గేటు తీసిన చప్పుడైంది. కౌకబ్ గుండెలు బాదుకుంటూ లేచింది. "నా ఫరామర్జ్!" అని పెట్టిన కేక రెండు వీధుల అవతలకు వినబడింది. కోడలి తలమీది ఎర్రగుడ్డ లాగి పారేసి, తన నల్లగుడ్డ దాని తలకు చుట్టింది. అప్పుడు మర్జియే అరిచింది. భర్త పోయాక ఆమె గొంతు విప్పడం అదే మొదలు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నేలమీద పడి దొర్లారు. కంచె అవతల ఊరు మూగింది. చేతిలో మిషనుతో గుమ్మంలో నిలబడ్డ ఇష్రత్‌ను అందరూ చూశారు. "చెప్పేసింది పాపిష్టిది" అన్నారు ఎవరో.

ఆ ఇంట్లో ఆ పూట చావింటి ఆనవాయితీగా హల్వా వండారు. కంచె మీదుగా పళ్ళేలు అందించారు.

కోతలు కాకుండానే కౌకబ్ పోయింది. వాచిన గుండె ఎన్నాళ్ళు కొట్టుకుంటుందో ఇష్రత్‌కు ముందే తెలుసు. బహ్రామ్ వచ్చి ఆరోగ్యశాల వాకిట్లో నిలబడి తిట్టాడు. "నీ నోరు పడిపోను! మేం వచ్చేదాకా ఆగలేకపోయావా?" ఆమె తల వంచుకుని విన్నది. మర్జియే కూడా అప్పటినుంచి ఆమెను అక్కా అని పిలవడం మానేసింది. దిల్‌ఆరా ఫోన్ చేస్తే మాట్లాడుతుంది, పట్నం వెళ్ళి డాక్టరుకు చూపించుకుంటుంది. దారిలో ఇష్రత్ ఎదురైతే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. ఇష్రత్ పలకరించదు. అలా ఎదురైన రోజు రాత్రి, పెద్దమ్మతో అన్న 'మోస్తాను' అనే మాట ఎంత బరువో తెలిసొస్తుంది.

మర్జియే ఎట్లా ఉందో పొరుగువాళ్ళను అడిగి తెలుసుకుంటుంది. తింటోందా, పడుకుంటోందా, నలుగురిలో కూర్చుంటోందా. వాళ్ళు విసుక్కుంటూ చెబుతారు.

ఊరు చెప్పుకునే కథలో చచ్చినవాళ్ళు ఇద్దరు. దక్కిన మనిషి మాట అందులో లేదు. ఈ ఏడు నాట్లకు మర్జియే నారు కట్ట చంకన పెట్టుకుని మడిలోకి దిగింది.