మా రూతుకు మాట అందించకండి

సహోదరులారా, సహోదరీలారా, నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో మా రూతు నుదురు గోడకు ఆనించి ఏడ్చిన ఆ వేసవిని నేను మరిచిపోలేను, ఎనిమిదేళ్ల పిల్ల, పొద్దున లేస్తే వాంతులు, అడుగేస్తే తూలుడు, దవాఖానలో తలలో గడ్డ ఉందన్నారు, కోసి తీశారు, ఆపైన తలకు రేడియేషన్, అదే కరెంటు వైద్యం, పెట్టారు, జుట్టంతా రాలిపోయింది, అయినా ప్రభువు బిడ్డను తిరిగి నా ఒడిలో పెట్టాడు.

గండం గడిచిందనుకున్నాను. ఇంతలో ఆబిడ్స్‌లోని బడివాళ్లు, అడిగినదానికి పిల్ల జవాబు చెప్పడం లేదు, తీసుకుపొమ్మన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆదివారం బడిలో ఒక్క కంఠత వాక్యం తప్పని పిల్లకు ఏం తక్కువ? దవాఖానలో డాక్టరమ్మేమో అంత వైద్యం తర్వాత పిల్ల జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో ఆర్నెల్లకోసారి చూడాలంది. బాగుచేసిన దేవుణ్ణి మళ్లీ పరీక్షిస్తావా అని సంఘంలో కొందరన్నారు. అయినా తీసుకెళ్లాను.

డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పి, కాసేపాగి అవే తిరిగి చెప్పమంది. రూతు ఆగిపోయింది. నా నోరు ఊరుకుంటుందా, మొదటి మాట అందించేశాను.

"మీరు అందియ్యకుండ్రి అమ్మా," అంది డాక్టరమ్మ. "బిడ్డకు యాదికొస్తది, జర టైం పడ్తది. మీరే చెప్తే బిడ్డ సంగతి నాకెట్ల తెలుస్తది?"

నోరు మూసుకున్నాను. చాలాసేపటికి రూతు మూడు మాటలు తనంతట తానే చెప్పింది. అప్పుడు నా బుర్రకెక్కింది. ఆదివారం పిల్ల ఆగగానే టీచరమ్మ ఒక మాట, ముందు వరస అమ్మలు ఒక మాట, నేనొక మాట, ప్రేమకొద్దీ వాక్యమంతా మనమే చెప్పి మనమే చప్పట్లు కొడుతున్నాం! కోఠి బస్సు కోసం నిలబడి ప్రార్థించాను: "తండ్రీ, బిడ్డ పానం ఇచ్చినవు, ఇగ నాకు జర ఓపిక గూడ ఇయ్యి, నా నోటికి కావలి నువ్వే ఉండు."

ఉన్నాడు, ఆయనకే మహిమ. డాక్టరమ్మ మాట పట్టుకుని బడికి వెళ్లి, జవాబు చెప్పడానికి పిల్లకు కొంచెం ఎక్కువ సమయం ఇవ్వమని అడిగాను. ఇచ్చారు. రూతు ఆ బడిలోనే చదువుతోంది. దవాఖానకు ఇప్పటికీ వెళ్తున్నాం, పిల్ల ఎందులో వెనకబడిందో తెలిస్తే దానికోసమే మోకరించి ప్రార్థిస్తాను.

ఇప్పుడు రూతు ఇక్కడికొచ్చి కొత్త వాక్యం చెబుతుంది. మధ్యలో ఆగుతుంది. తర్వాతి మాట మీ అందరి నాలుక మీద ఉంటుంది, నాకు తెలుసు. అందించకండి. గడ్డ తీసిన దేవుడు మాట కూడా ఇస్తాడు, నమ్మండి, ఆ మాట వచ్చేదాకా నాతో కలిసి ఓపికగా కనిపెట్టుకుని ఉండండి.

రా తల్లీ.