నలభయ్యో గుడ్డ

సూర్యాపేటలో బస్సెక్కి నిద్రపోయినా నాకు దిగాల్సిన చోటు తప్పిపోదు. మిర్యాలగూడ ఇంకా దూరం ఉండగానే ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి దూరి వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ఆ వాసన వెనకాలే నల్లటి నుసి, నుసి వెనకాల మా అమ్మ దగ్గు.

నేను అబద్ధాలకోరునని మా చుట్టాలందరికీ తెలుసు. సాగర్ కాలువలో కాళ్లకు పట్టీలు పెట్టుకున్న మొసలి తిరుగుతుందని నేను చెబితే త్రిపురారం నుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటాను. వచ్చింది మా మేనత్త ఒక్కతే. కానీ ఈ నుసి సంగతిలో నేను కల్పించాల్సింది ఏమీ లేదు. వేములపల్లి పక్కన మా ఊరు, ఊరిని ఆనుకుని రైసుమిల్లు. వడ్లు ఉడికించడానికి బాయిలర్లో ఊక కాలిస్తే, ఆ బూడిద గొట్టంలోంచి ఎగిరి ఇళ్ల మీద, పొలాల మీద, తెరిచిన ప్రతి నోట్లోనూ రాలేది. మా ఊళ్లో సకినాలకు నువ్వులు కొనేపని లేదు, గుడ్డ మీద చుట్టి ఆరబెట్టేలోపు పైనుంచే పడేవి. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వును ఊదితే గానీ పసుపు బయటపడేది కాదు. ఎండాకాలం వాకిట్లో పడుకుని లేస్తే ఆడపిల్లలకు కూడా మీసాలు మొలిచి ఉండేవి, వాటిని చూసుకుని మేం పడీపడీ నవ్వుకునేవాళ్లం. అమ్మ ఆ మిల్లులోనే, ఉడికిన వడ్లను కల్లం మీద పొద్దంతా కాళ్లతో తిరగేసేది. మిల్లు సైరను కంటే ముందు మమ్మల్ని లేపేది ఆమె దగ్గే.

నేను ఏడో తరగతిలో ఉండగా డ్రాయింగు సారు వచ్చాడు. ఆయనది కోదాడ. ఆయన "ఏంటమ్మా, చూశావా" అంటే వెనకాల మేము "ఏందమ్మా, సూసినవా" అని సరిజేసేవాళ్లం. వచ్చిన నెలలోనే బడి గోడ మీద ప్రపంచ పటం గీశాడు, దేశాల మధ్య గీతల్లేకుండా. తెల్లారేసరికి దాని మీద నుసి. తడిగుడ్డతో తుడవడం మా వంతు; సముద్రాలు తుడవడం సులువని వాటికోసం కొట్టుకునేవాళ్లం. జపానులో ఒక ఫ్యాక్టరీ పక్కనున్న బడి పంతులమ్మతో ఆయనకు ఉత్తరాల స్నేహం ఉండేది. ఇద్దరూ కలిసి ఒక పని అనుకున్నారట: అక్కడి పిల్లలు, ఇక్కడి పిల్లలు అవే మూడు రోజులు మిద్దెల మీద తెల్లగుడ్డ పరచాలి, తర్వాత ఒకరి గుడ్డలు ఒకరికి పంపుకోవాలి.

సారు తన పంచెలు రెండు చింపి నలభై ముక్కలు చేసి పంచాడు. "ముట్టుకోకూడదు, ఊదకూడదు. ఈ బొమ్మ గాలి గీయాలి, మనం కాదు," అన్నాడు. సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చే సైన్సు టీచరు సరోజనమ్మ దానికి ఇంకొక పని కలిపింది. ఫ్యాక్టరీలను తనిఖీ చేసే అధికారికి దరఖాస్తు రాసింది: ఆయన వచ్చి ఈ గుడ్డలు చూసి ఆర్డరు వేస్తే, మిల్లువాళ్లు గొట్టానికి నుసిని ఆపే ఇనుప జాలి బిగించక తప్పదు. ఆ మాట విని అమ్మ కూలి నుంచి వస్తూ వస్తూ బడి ముందు ఆగింది.

"జాలి పెడితే నా దగ్గు తగ్గుతదా టీచరమ్మా?"

"నీదే కాదు, ఊరందరిది తగ్గుతది యాదమ్మా."

అమ్మ నేరుగా ఇంటికొచ్చి మిద్దెక్కింది. మా గుడ్డను తనే పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం మిద్దెక్కి చూశాను. గుడ్డ బూడిదరంగుకు తిరిగింది గానీ, పక్కింటి రమాదేవిది నాదానికంటే నల్లగా ఉంది. జపానుకు దానిది పోయి, నాది పోకుండా ఆగిపోతుందేమోనని నా భయం. దిగివచ్చి కందిలి దీపం గాజు చిమ్నీలోని మసినంతా వేళ్లతో గీకి, మీద నుసి పడ్డట్టే చల్లి, అరచేత్తో మెల్లగా అద్దాను. సాయంత్రం అమ్మ కందిలి ముట్టించబోయి చిమ్నీ చూసింది. "నా బిడ్డ ఎన్నడు లేంది అద్దం తుడిసింది! ఇగ పెద్దదైంది," అని నా బుగ్గలు పుణికింది.

అధికారి వచ్చిన రోజు గుడ్డలు బడి వరండాలో తాడుకు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే చూస్తున్నకొద్దీ ఆయన ముఖం గంభీరమైంది, కలం కూడా తీశాడు. నలభయ్యోది నాది. వెంట వచ్చిన మిల్లు గుమాస్తా దాన్ని వేలితో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సారూ, జర వాసన జూడున్రి. ఇది ఊక బూడిద గాదు, కందిలి మసి. గ్యాసునూనె కొడుతున్నది."

డ్రాయింగు సారు నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "భయపడకమ్మా. ఏం జరిగిందో అది చెప్పు, చాలు."

జరిగింది చెప్పడమే నాకు రాని పని. "కాకి సార్! మా కందిలి చిమ్నీని ముక్కున బెట్టుకొని ఎగిరింది. మిద్దె మీద కూసోని గుడ్డకు మూతి తుడుసుకున్నది. నేను తరిమితే చిమ్నీ మల్ల కందిలికి బెట్టి పోయింది!"

వరండా అంతా నవ్వింది. పిల్లలు నవ్వారు, గుమాస్తా నవ్వాడు, అధికారి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటే చేతిరుమాలుకు నల్లటి చుక్కలు అంటుకున్నాయి. నా జన్మలో ఏ కథకూ అంత నవ్వు రాలేదు.

"ఒకటి కథైతే తతిమ్మ ముప్పై తొమ్మిది గూడ కథలే గద సారూ," అన్నాడు గుమాస్తా. అధికారి కలం జేబులో పెట్టుకున్నాడు. సరోజనమ్మ ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే జీపు వైపు నడుస్తున్నాడు. సారు నా గుడ్డను తాడు మీంచి తీసి మడతపెట్టి నా చేతికిచ్చాడు. "బాగా చెప్పావమ్మా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

జాలి రాలేదు. సారు మిగతా ముప్పై తొమ్మిదీ జపానుకు పంపి, ఆ ఎండాకాలమే బదిలీ అయి వెళ్లిపోయాడు. వానలు పడ్డాక అక్కడి నుంచి పార్శిలు వచ్చింది. నలభైమంది పిల్లలమని సారు రాసినట్టున్నాడు, నలభై గుడ్డలున్నాయి. నాకు వచ్చింది దాదాపు తెల్లగానే ఉంది, ఒక మూల మాత్రం మూడు బూడిద చుక్కలు. ఆ పిల్ల ఎవరో, నాలుగో చుక్క కలపలేదు. నేను ఇంటర్లో ఉండగా అమ్మ సూర్యాపేట దవాఖానలో పోయింది. అద్దం ఎందుకు తుడిచానో ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు బడిగోడ లేదు, పటం లేదు. కందిలి అంటే ఏంటో మా ఇంటి పిల్లలకు బొమ్మ గీసి చూపించాలి. సారు కూడా పోయాడని పోయినేడు కోదాడలో ఎవరో చెప్పారు. మిల్లుకు మాత్రం గొట్టాలు రెండయ్యాయి. మొన్న ఊళ్లో తమ్ముడింటికి వెళ్లినప్పుడు మిద్దె మీద తెల్లగుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, మూడు రోజులు అటువైపు పోలేదు. నాలుగోనాడు తమ్ముడి కూతురు దాన్ని పట్టుకుని కిందికి వచ్చింది.

"అత్తా, గింత నల్లగ! నువ్వే పూసినవ్ గద?"

"లేదు బిడ్డా. నేను ముట్టలే."

"మరి కాకి తెచ్చిందా?"

ఆ కాకి కథంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం, పసిపిల్లలకు కూడా నోటికొచ్చు. నేను మళ్లీ ముట్టలేదనే చెప్పాను. అది నా ముఖం చూసి ఇంకా నవ్వింది, నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. నవ్వు వెంటనే ఆగింది గానీ, దగ్గు చాలాసేపు ఆగలేదు.