నూట ఇరవై రెండు పౌండ్ల మొక్కు

పోయిన నెల డర్బన్ పక్కన ఛాట్స్‌వర్త్‌లో నేనెప్పుడూ వెళ్ళే మంగలి షాపులో, మెడచుట్టూ గుడ్డ కట్టించుకుని, తల సగం కత్తిరించాక, కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశాను. గోడమీది టీవీలో ఏదో బాక్సింగ్ ప్రపంచ టైటిల్ పోటీకి ముందురోజు జరిగే తూకం చూపిస్తున్నారు. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు గుంటల్లోకి దిగి, పెదాల మీద తెల్లటి పొరలు కట్టిన ఒక కుర్రవాడు, తువాలు అడ్డం పెట్టుకుని తూకం మీద నిలబడ్డాడు. చుట్టూ సంగీతం, ఈలలు, ఫోన్లు పైకెత్తిన చేతులు. నా తల మీద క్లిప్పర్ ఆడిస్తున్న పిల్లవాడు మురిసిపోతూ, "చూడండి అంకుల్, ఎంత షార్ప్‌గా ఉన్నాడో!" అన్నాడు. ఆ బొమ్మా, నా చెవి పక్కన ఆ క్లిప్పర్ రొదా రెండూ కలిసేసరికి రోత పుట్టి, గుడ్డ లాగేసి లేచాను. సగం గొరిగిన తలతో కారులో కూర్చుని చాలాసేపు అద్దంలో చూసుకున్నాను. ఆ రోత టీవీలో వాళ్ళమీద కాదు. వాళ్ళకి నేనేమీ తక్కువ కాదు.

ఈ దేశంలో నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటు వేసిన మరుసటి సంవత్సరం నేను ఆంధ్ర నుంచి వచ్చాను, డర్బన్ దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాల్టీలో డాక్టరుగా. ఛాట్స్‌వర్త్ దగ్గరి ఖర్వాస్తాన్‌లో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ఆ ఇంటివాళ్ళ ముత్తాతలు కోస్తా జిల్లాల నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఇంట్లో ముగ్గురే ఉండేవారు. అందరికీ పెద్ద అయిన అవ్వ, ఆమె కొడుకు, కూతురు పోయాక ఆమె పెంచిన మనవడు. ఆమె కొడుకును వీధి వీధంతా మామ అని పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. మామ ఒకప్పుడు బాక్సరు. తెల్లవాళ్ళకొక ఛాంపియన్ బెల్టు, మిగతావాళ్ళకొక బెల్టు ఉన్న కాలంలో ఆడి, ఏ బెల్టూ దక్కక, ఇంటి గరాజులో ఇసుక సంచి వేలాడదీసి మేనల్లుణ్ణి తయారు చేస్తున్నాడు. మేనల్లుడు ఇరవయ్యో పడిలో నడుస్తున్న మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ, ఎడమ చెయ్యి ఎటునుంచి వస్తుందో కనపడేది కాదు.

ఆ ఇంట్లో తెలుగు అవ్వ దగ్గరే మిగిలింది. అదీ తిట్లలో, వంటలో, దీపం ముందు. మిగతా ఇద్దరికీ వచ్చీరాని తెలుగు, ఎక్కువంతా ఇంగ్లీషే. నేను వెళ్ళిన మొదటి సాయంత్రం దీపం ముందు కూర్చుని గోవింద నామాలు చదివితే అవ్వ చేతులు జోడించి నాకే దండం పెట్టింది. పరాయి దేశంలో ఎవరికీ ఏమీ కాని నాకు ఆ గౌరవం ఎంత రుచించిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఊరినుంచి వచ్చినవాడు చెప్పిందే ఆచారం అని ఆమె నమ్మకం. ముగ్గు ఎటు తిప్పాలో, కొబ్బరికాయ పీచు ఎటు ఉండాలో నన్నే అడిగేది. నాకు తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పేవాణ్ణి.

బాక్సింగ్ పిచ్చి నాకు అక్కడే పట్టింది. ఆదివారాలు మనవాళ్ళ ఇళ్ళలో భోజనాలకు కలిసినప్పుడు, ఇంజనీర్లనూ లెక్చరర్లనూ కూర్చోబెట్టి జూనియర్ ఫెదర్‌వెయిట్ అనే బరువు విభాగం చరిత్ర చెప్పేవాణ్ణి. నూట పద్దెనిమిది పౌండ్ల బాంటమ్‌కి ఎక్కువ, నూట ఇరవై ఆరు పౌండ్ల ఫెదర్‌కి తక్కువ అయినవాడి కోసం మధ్యలో నూట ఇరవై రెండు దగ్గర గీసిన గీత అది. పంతొమ్మిది వందల ఇరవైల్లో అమెరికాలో పుట్టింది, ఎవరూ పట్టించుకోక మూలపడింది, మళ్ళీ డెబ్బైల్లో లేచింది. ఆ తర్వాత పోర్టోరికో వాళ్ళు, మెక్సికో వాళ్ళు, కొరియా వాళ్ళు దాన్ని ఏలారు. జాతి వివక్షకు శిక్షగా పెట్టిన బహిష్కరణలు తొలగి ప్రపంచం మళ్ళీ ఈ దేశానికి రావడం మొదలయ్యాక ఇక్కడి నల్లజాతి కుర్రవాళ్ళు కూడా ఆ బరువులో మెరిశారు. ఇదంతా చెబుతూ, చిన్నవాణ్ణి పెద్దవాడు కొట్టకుండా కాపాడడానికే బరువులు విడదీశారని, ఇంత న్యాయమైన ఆట ఇంకొకటి లేదని ముక్తాయించేవాణ్ణి. చేతిలో ప్లేటు, నోట్లో వేపుడు ముక్క. వినేవాళ్ళు తలలూపేవారు.

మరి గరాజులో జరిగేదేమిటి? మేనల్లుడి సహజమైన బరువు ఆ గీతకు చాలా పైన. అతను ఆడాల్సింది ఇంకా పెద్ద విభాగంలో. కానీ ప్రపంచ టైటిల్‌కి పిలుపు వచ్చింది నూట ఇరవై రెండులో. విదేశీ ఛాంపియన్ డర్బన్‌కే వచ్చి ఆడతానన్నాడు. తనకు ఏ దారీ ఇవ్వని దేశం మేనల్లుడికి ఇచ్చిన మొదటి దారి అదేనని మామ ఊగిపోయాడు. నన్ను జట్టు డాక్టరన్నాడు. వెనక అక్షరాలు కుట్టిన మెరిసే జాకెట్ ఒకటి కుట్టించి ఇచ్చాడు. నేను ఆ జాకెట్ వేసుకుని ఆసుపత్రి క్యాంటీన్‌లో కూడా తిరిగాను.

మనిషిని ఎండబెట్టడం ఎలాగో అప్పుడు చూశాను. చూడడమేమిటి, పక్కనుండి చేయించాను. ముందు తిండి తగ్గించారు, తర్వాత ఉప్పు, చివరికి నీళ్ళు. చెమట పట్టేలా ఒంటికి ప్లాస్టిక్ చెత్త సంచులు చుట్టి, పైన స్వెట్టర్లు తొడిగి, కారు అద్దాలన్నీ బిగించి హీటరు పెట్టి అందులో కూర్చోబెట్టేవారు. నోట్లో పుల్లటి బిళ్ళ పెట్టి, ఊరిన ఉమ్మంతా జామ్ డబ్బాలో ఊయించేవారు. ఆ డబ్బాలో జిగట, కారు తలుపు తీయగానే వచ్చే వాసన, తీయగా కుళ్ళిన పండులాంటి అతని ఊపిరి! పస్తులున్న ఒంటిది ఆ వాసన అని నాకు బాగా తెలుసు. చేతి మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడిపోయేది. అలాంటి చర్మంతో పసిపిల్లలు క్యాజువాల్టీకి వస్తే తల్లుల మీద అరిచి, పరుగున సెలైన్ ఎక్కించే నేను, గరాజులో మాత్రం జాకెట్ జేబుల్లో చేతులు పెట్టుకుని, "ఇంకొంచెం తగ్గాలి" అన్నాను.

అడ్డం పడింది అవ్వ ఒక్కతే. పొద్దున్నే గంజి కాచి అతని మంచం పక్కన పెట్టేది. మామ పారబోసేవాడు, ఆమె మళ్ళీ కాచేది. ఒకరోజు నన్ను వంటింటి గుమ్మంలో నిలదీసింది.

"ఏంది నాయనా ఇది? పిల్లోడు ముద్ద ముట్టడు, నీల్లు ఇస్తే తలకాయ తిప్పుతాడు. వాడికి ఏం రోగం వచ్చె? నువ్వు డాక్టర్ కదా, సూది వెయ్యి!"

మామ నన్ను గరాజులోకి లాక్కెళ్ళాడు. "డాక్, ఆ ముసలామె వాడి టైటిల్ గంజిలో ముంచేస్తది, మ్యాన్. నా మాట వినదు. నువ్వు చెప్పు. పెరటాసి నెల కదా, సామికి మొక్కు అని చెప్పు. నీ నోట్లోనించి వస్తే దేవుడు చెప్పినట్టే ఆమెకి."

అది మాంసం మాని వెంకటేశ్వరుడికి దీపం పెట్టుకునే నెల. ఆలోచించడానికి కూడా నేను ఆగలేదు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అవ్వ ఎదుట దీపం ముందు కూర్చున్నాను. మీ మనవడు వెంకటేశ్వరుడికి మొక్కుకున్నాడని, తూకం గడిచేదాకా అన్నం ముట్టడని, చివర్లో నీళ్ళు కూడా ముట్టడని, మధ్యలో ఎవరైనా మొక్కు చెడగొడితే ఆ కీడు అతనికే తగులుతుందని, శుద్ధమైన తెలుగులో, మధ్యలో ఒక శ్లోకం కూడా కలిపి చెప్పాను. కీడు ముక్క మామ చెప్పమన్నది కాదు. అది నా సొంతం. మాట బాగా కుదిరిందని లోపల్లోపల సంతోషించాను కూడా. అవ్వ కళ్ళు తుడుచుకుని, గంజి గిన్నె కడిగి బోర్లించింది. ఆ రోజునుంచి తనూ తినడం మానేసింది. మనవడు పస్తుంటే ముద్ద ఎలా దిగుతుందంది.

తూకానికి ముందురోజు మధ్యాహ్నం అతను కారులోంచి దిగి, గోడ పట్టుకుని నడుస్తూ వంటింట్లోకి వచ్చాడు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను.

"అవ్వా, కొంచెం నీల్లు ఇవ్వు. జస్ట్ నోరు తడపడానికి."

అవ్వ కుండకు వీపు ఆనించి అడ్డంగా నిలబడింది. ఆమె పెదాలూ అలాగే ఎండి ఉన్నాయి. "వద్దు బంగారు. సామి చూస్తాడు. రేపు ఇస్తా, కుండ కుండంతా ఇస్తా."

"ప్లీజ్ అవ్వా."

"పో బంగారు, నా ముందర ఉండకు. నేను చూడలేను."

అతను నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు, ఆ కుండ అతనిదయ్యేది. నేను గడియారం చూసుకున్నాను.

మర్నాడు పోటీ జరిగే హాల్లో తూకం. బయట జులూ ఆడవాళ్ళు పాడుతున్నారు, మనవాళ్ళు బ్రెడ్డు తొలిచి కూర నింపిన బన్నీచౌ తింటూ మెట్ల మీద కూర్చున్నారు, దేశపు కొత్త జెండాలు ఊపుతున్నారు. అన్ని రంగులవాళ్ళకీ ఒకే హాలు, ఒకే ద్వారం. ఆ సంబరం మాత్రం నిజమైనది, దాన్ని ఏమీ అనను. మేనల్లుడు తూకం ఎక్కితే ముల్లు గీతకు కాస్త పైన ఆగింది. గుడ్డలన్నీ విప్పినా తగ్గలేదు. ఊయడానికి నోట్లో ఉమ్మి లేదు. మామ ఎక్కణ్ణుంచో క్లిప్పర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒత్తయిన జుట్టు అతనిది. ఆ తలను నేనే గొరిగాను. అరచేతికింద నెత్తి కాలిపోతోంది, కానీ ఒక్క చుక్క చెమట లేదు. జుట్టంతా సిమెంటు నేలమీద, బూట్లకింద, చీదిన కాగితాల మధ్య పడింది. ముల్లు గీత మీదికి దిగింది. అధికారిక వైద్యుడు అతని కళ్ళలోకి చూసి నన్ను అడిగితే, హాల్లో ఉక్కకు కాస్త నీరసం, అంతే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అవ్వ అతని నున్నటి తల చూసి మురిసిపోయింది. తలనీలాలు కూడా ఇచ్చేశాడనుకుంది. రెండు చేతులతో ఆ తల నిమిరి, "జుట్టు ఏది నాయనా? సామి కాడ పెట్టాలి కదా" అని నన్నడిగింది. గుడికి పంపేశామన్నాను.

పోటీ గురించి ఎక్కువ చెప్పను. చెప్పడానికి గొప్పగా ఏమీ లేదు. తూకం తర్వాత ఎంత తాగించినా ఎండిన ఒళ్ళు ఒక్కరోజులో తేరుకోదు. మొదట్లో ఎడమ చెయ్యి బాగానే ఆడింది, జనం లేచి నిలబడ్డారు. తర్వాత కాళ్ళు మాట వినడం మానేశాయి. ఛాంపియన్ కొట్టిన దెబ్బకు కాదు, కొట్టని దెబ్బకు కింద పడ్డాడు. కొట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆపుకుని ఆ విదేశీయుడు వెనక్కి తగ్గాడు. ఆ రింగు చుట్టూ ఆ పూట మర్యాదగా ప్రవర్తించింది అతనొక్కడే. ఆసుపత్రిలో మేనల్లుడికి వచ్చిన మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయి. బతికాడు. మళ్ళీ గ్లవ్స్ తొడగలేదు.

అతను ఆసుపత్రిలో ఉండగానే ఒక పొద్దున అవ్వ నా గది తలుపు తట్టింది. లోపలికి రాకుండా గడప బయటే కూర్చుంది.

"నేనే నాయనా. నేనే చేసినా. తూకం పొద్దు తెల్లారకముందే లేచినా. వాడు పడుకోని నన్ను చూసె, అడగలా, ఊరికే చూసె. మనసు ఆగలా. ఒక్క గుక్క ఇచ్చినా. సామికి తెలిసిపోయె. నువ్వు చెప్పినావు కదా, కీడు వాడికే తగులుద్ది అని."

వైద్యుడిగా నాకు తెలుసు, ఆ ఒక్క గుక్క అతన్ని ముంచేదీ కాదు, కాపాడేదీ కాదు. కానీ ఆ వారమంతటిలో అతనికి వైద్యం చేసింది ఆవిడ ఒక్కతే. మొక్కు లేదు అవ్వా, అది నేను కల్పించింది, నువ్వు ఇచ్చిన గుక్కే ఆ ఇంట్లో జరిగిన ఒకే ఒక్క మంచిపని అని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నోటిదాకా వచ్చింది. చెబితే ఇక దీపం ముందు నాకు చోటుండదని మింగేశాను. పరిహారంగా శనివారాలు ఉపవాసం ఉండమని చెప్పాను. అది కూడా చెప్పాను. ఆమె పోయేదాకా ఆ శనివారాలు తప్పకుండా పాటించింది.

ఆ తర్వాత బాక్సింగ్ కబుర్లు మానేశాను. జాకెట్ మాత్రం పారేయలేదు. బీరువా తీసినప్పుడల్లా కనపడాలనే ఉంచాను. మామ కూడా చివరిదాకా మేనల్లుడి ఎదుట తలెత్తి మాట్లాడలేక, మాట్లాడకుండానే పోయాడు. గరాజులో ఇప్పుడు టైర్లు అమ్ముతారు. నూట ఇరవై రెండు పౌండ్లలో ఇప్పుడు బెల్టులు ఎక్కువయ్యాయి, తూకాలకు సంగీతం వచ్చింది, స్పాన్సర్లు వచ్చారు. ఆ తువాలు వెనకాల మనిషి మాత్రం అలాగే ఎండుతున్నాడు. పెద్దవాడి నుంచి చిన్నవాణ్ణి కాపాడడానికి గీసిన గీత మీద, పెద్దవాణ్ణే చెక్కి చిన్నవాడిగా నిలబెడుతున్నారు. దాన్నే నేను న్యాయమన్నాను.

సగం తలతో మంగలి షాపులోంచి వచ్చిన రోజు నేను తిన్నగా ఆ ఇంటికే వెళ్ళాను. మేనల్లుడు ఇప్పుడు తాతయ్యాడు. వారంలో కొన్ని రోజులు డయాలసిస్‌కి వెళతాడు. నా తల చూసి పగలబడి నవ్వి, "వాట్ హాపెండ్ డాక్, మంగలితో కొట్లాడినావా?" అన్నాడు. ఎవరొచ్చినా చేసినట్టే ముందు నాకు పెద్ద గ్లాసునిండా నీళ్ళు పెట్టి, తను మాత్రం ఒక ఐసు ముక్క నోట్లో వేసుకుని చప్పరించాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అతనికి నీళ్ళు కొలతే. మొక్కు నేను కల్పించిందని, తను ఇచ్చిన గుక్కే కీడు తెచ్చిందని అవ్వ చివరిదాకా నమ్మిందని అతనికి అప్పుడు చెప్పాను. ఐసు కరిగాక, "ఐ రిమెంబర్ దట్ వాటర్" అన్నాడు, అంతే. తర్వాత లేచి క్లిప్పర్ తెచ్చి, నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, మిగిలిన సగం తల అతనే గొరిగాడు.

అవ్వ దీపం పెట్టిన గూడు ఇంకా ఉంది. మేనల్లుడి మనవలు దానిముందు ఇంగ్లీషులో దండం పెట్టుకుంటారు. నేను తెలుగులో ఏమన్నా మర్యాదకు నవ్వి ఊరుకుంటారు, దేవుడి మాటగా తీసుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. అందుకు ఒక్కోసారి దిగులేస్తుంది, ఒక్కోసారి ఆ పిల్లలు బతికిపోయారనిపిస్తుంది. నేను ఆవిడకు బాకీపడిన ఆ ఒక్క వాక్యం మాత్రం తెలుగులోనే చెప్పాల్సింది. దాన్ని ఇప్పుడు ఆ గూడు ముందు నిలబడి చెప్పినా, ఆ పిల్లల్లో ఎవరికీ అర్థం కాదు.