జలుబు చేసిన రోజు కోసిన బెరకాకు

నా కళ్ల జబ్బు వింతది. పక్కనున్నవన్నీ కనిపిస్తాయి, తిన్నగా చూసిన చోట మాత్రం మసక. పెరట్లో ఎక్కడా తట్టుకోకుండా తిరుగుతాను, చేతిలోకి తీసుకున్న ఆకు ఏదో, ఎదుటి మనిషి మొహం ఎలా ఉందో మాత్రం కనిపించదు.

అందుకే ఆకును ముక్కుతో చూడడం నేర్చుకున్నాను. మా మండికల్ వైపు వానలు పడ్డాక పెరట్లో తనంత తాను మొలిచిన దొగ్గలాకు, చెంచలాకు, కామంచాకు అన్నీ కలిపి కోస్తాం. దాన్ని బెరకాకు అంటాం. పప్పుతో ఉడికించి మెత్తగా ఎనిపితే రాగిముద్దలోకి ఇంకేమీ అక్కర్లేదు. తంటా అంతా కామంచాకుతోనే. లేతప్పుడు ఉమ్మెత్త మొక్క కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. నలిపి వాసన చూస్తే మాత్రం ఉమ్మెత్త కంపు దాగదు. ఆకులు సంతలో తెస్తానని, నేను కొత్తిమీర తుంచితే చాలని కోడలు ఎన్నోసార్లు చెప్పింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పెరడు కూడా పోతే ఈ ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాల్సిన మనిషినైపోతానని నా భయం.

పోయిన వానాకాలంలో ఒకరోజు కోడలు చిక్కబళ్లాపురం వెళ్లింది. నాకు జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. ఆ పూట మానేయవచ్చు. మానేస్తే జలుబని ఎవరూ అనుకోరు, కళ్లు అనుకుంటారు. వేళ్లను నమ్ముకుని కోసి, చాటలో పోసి వరండాలో పెట్టి, వంటింట్లోకి వెళ్లాను.

మా ఆయన ఆ తర్వాతే పేరేసంద్ర వెళ్లి, పని చూసుకుని మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. రెండు ముద్దలు తిని మంచమెక్కాడు. నేనింకా తినలేదు. నీళ్లడిగాడు, ఇచ్చాను. మళ్లీ అడిగాడు.

"నోరు ఎండుకపోతాండాది, ఇంకో చెంబు ఇయ్యి" అన్నాడు మూడోసారి.

ఉమ్మెత్త తింటే ముందు నోరే ఎండుతుందని, తర్వాత కంటిపాపలు పెద్దవై మతి తప్పుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆయన కంటిపాపలు నాకెలా తెలుస్తాయి? నుదురు పట్టి చూస్తే వేడిగా ఉంది. గిన్నె మూత తీశాను. ఎనిపిన ఆకులో ఏం వెతకను? ఈ రోజు ఏ వారమని అడిగితే విసుక్కుంటూ సరిగ్గానే చెప్పాడు. నమ్మకం కుదరలేదు. నోరు విప్పితే నా పెరడు పోతుంది. విప్పకపోతే మనిషే పోవచ్చు. ఆ రెంటి మధ్య కాసేపైనా తటపటాయించానని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చెప్పేశాను. ఆస్పత్రికి పోదాం, ఆటో పిలుస్తానన్నాను. ఎండకు దాహమేసిందంతే అని ఆయన కొట్టిపారేశాడు. నేను వినలేదు, చెప్పులు తొడుక్కున్నాను. అప్పుడు లేచి కూర్చున్నాడు.

"ఏమీ కాదు లేమే. నువ్వు చాట పెట్టి లోపలికి పోతానే దినామూ నేను ఆకంతా ఏరి చూస్తాండా. ఈ పొద్దూ చూసినా."

నీ కళ్లు మసకబారినప్పటి నుంచీ ఇంతే అన్నాడు. నేను గడపలోనే కూలబడి ఏడ్చాను. ఏడుపు తగ్గాక ఇంకో దిగులు పట్టుకుంది. ఇన్నాళ్లూ నా చెయ్యి తప్పలేదనేగా నా గర్వం.

"ఇన్నాళ్లలో ఉమ్మెత్తాకులు ఎన్ని తీసి పారేస్తివి?" అని అడిగాను.

"ఒక్కటీ లేదు" అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అబద్ధాలన్నీ నేను మొహం చూసే పట్టుకున్నాను. గొంతులో ఎప్పుడూ ఏమీ తెలిసేది కాదు.