హీటర్ మీద వేసిన నింద

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా, ఉన్నట్టు నాకు తెలిసేది కాదు. కెనడాలోని ఎడ్మంటన్‌లో మాస్టర్స్ చేస్తుండగా, ఓ గ్రహం అయస్కాంత క్షేత్రాన్ని కొలవబోయే అంతరిక్ష నౌక మీద పని దొరికింది. ఆ క్షేత్రమేమో మహా బలహీనం. నౌకలోని వైర్లూ, మోటార్లూ, హీటర్లూ తమ సొంత అయస్కాంతపు గోలతో దాన్ని మింగేస్తాయి. అందుకని పైకి పంపకముందే ఒక్కో భాగాన్నీ ఆన్ చేసి, ఏది ఎంత గోల చేస్తుందో రాసిపెట్టుకోవాలి. రేపు గ్రహం దగ్గర్నుంచి వచ్చే కొలతల్లోంచి ఆ గోల తీసేస్తే మిగిలేదే గ్రహానిది. ఆ రాసిపెట్టే పని నాది. ఊరి బయట, ఇనుప మేకు ఒక్కటైనా లేని చెక్క గది. లోపలికి వెళ్లేముందు బెల్టు, వాచీ, తాళాలు, ఫోను, జిప్పున్న జాకెట్టు అన్నీ తీసేయాలి (మైనస్ ముప్పైలో అదో తపస్సు).

రెండో రోజే దొంగ దొరికాడు. హీటర్ స్విచ్ సెన్సర్ పక్కనే ఉండేది. వంగి దాన్ని నొక్కానో లేదో, గ్రాఫులో గీత ఎగిరిపడింది. నా ఆనందం చెప్పనలవి కాదు. హీటర్ మార్చి తీరాలంటూ నాలుగు పేజీల రిపోర్టు రాసి ప్రొఫెసర్‌గారికి పంపేశాను. హీటర్ మార్చడమంటే నౌక నెలల తరబడి ఆలస్యం. ఆయన వచ్చే సోమవారానికి అందరికీ మీటింగ్ ఏర్పాటు చేసి, ఈ పని ఇలాగే చేస్తే పీహెచ్‌డీ సీటు నాకేనన్నారు.

శుక్రవారం మా సీనియర్, వరంగల్ అక్క, అదే పరీక్ష తను చేసింది. గీత కదల్లేదు. నేను వెళ్లి వంగితే లేచింది. వెనక్కి జరిగితే పడుకుంది.

“తమ్ముడూ, హీటర్‌ది ఏం తప్పు లేదు. నీ దగ్గర్నే ఏదో ఉంది, చూస్కో,” అంది.

అన్నీ తీసేశానని ఒట్టు పెట్టాను. బూట్లూ, కళ్లజోడూ కూడా బయట పెట్టి వచ్చాను. గీత వినలేదు. అప్పుడు వెలిగింది, మొలతాడు. దానికి విమానం ఎక్కేముందు అమ్మ గుచ్చిన మూడు పిన్నీసులు (బొత్తాం ఊడితే ఆ దేశంలో ఎవర్నడుగుతావని). మొలతాడును నేనెప్పుడు వస్తువుగా లెక్కేశాను గనక? చర్మం విప్పి రమ్మంటే ఎవరైనా విప్పుతారా? పిన్నీసులు తీసి వచ్చేసరికి గీత బుద్ధిగా పడుకుంది. అక్క ముందు గోడ పట్టుకుని నవ్వింది, తర్వాత నేల మీద కూలబడి నవ్వింది. ఏడుపు తన్నుకొస్తున్నా నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

సోమవారం ఇరవై మంది ముందు లేచి నిలబడి, హీటర్ నిర్దోషి అనీ, తప్పు నా నడుముదనీ చెప్పాను. మొలతాడంటే ఏమిటో, మగవాడు దాన్ని ఎందుకు తీయకూడదో వివరించేసరికి చెవులు కాలిపోయాయి. సీటు సంగతి మర్చిపోవచ్చనుకున్నాను. ప్రొఫెసర్‌గారు నా రిపోర్టు ముందుకు లాక్కున్నారు. ఆ పిన్నీసులు ఎంత గోల చేస్తాయో కూడా కొలిచి రిపోర్టులో చేర్చమన్నారు. తప్పు ఒప్పుకునేవాడి అంకెల్ని నమ్మొచ్చు కాబట్టి సీటు నాదేనన్నారు.

ఇప్పుడు నా దగ్గరా స్టూడెంట్లున్నారు. ఏటా ఒకరు రొప్పుతూ వచ్చి, తప్పు ఫలానా మోటారుదేనని బల్లగుద్ది చెబుతారు. మళ్లీ చూసుకోమని వెంటనే అనాలి, తెలుసు. కానీ ఆ మొహంలో వెలుగు చూస్తూ సాయంత్రం దాకా ఊరుకుంటాను. నాకిప్పుడు దేని మీదా అంత నమ్మకం కలగదు.